ఫ్యాక్స్ పోయింది.. కాపీ మిగిలింది: శంషాబాద్‌లో మన పాస్‌పోర్టు ఎవరి కంప్యూటర్‌లో ఉంది?

శంషాబాద్‌లో బెంగళూరు హైవే పక్కనున్న జిరాక్స్ షాపుల దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఈ దృశ్యం కనిపిస్తుంది. ఉమ్రాకు బయల్దేరిన కుటుంబం కారు ఆపుతుంది. ఎయిర్‌పోర్టు ఇంకా కొద్ది దూరమే. అమ్మీ పాస్‌పోర్టు కాపీ ఇంకో సెట్ పెట్టుకోమని ఏజెంట్ ఫోన్ చేశాడు. కొడుకు ఫోన్ తీసి, గోడ మీద అంటించిన షాపు నంబర్‌కు పాస్‌పోర్టు ఫోటో, వీసా, ఆధార్ అన్నీ వాట్సాప్ చేస్తాడు. "భాయ్, పంపిన చూడు. జల్దీ రెండు సెట్లు తీయ్" అంటాడు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. చిల్లర ఇచ్చి, దువా చేయమని చెప్పి, కారెక్కుతారు.

కుటుంబం వెళ్లిపోయింది. పాస్‌పోర్టు మాత్రం షాపులోనే ఉంది. ఈ కథనం కోసం నేను నిలబడ్డ ఒక షాపులో కంప్యూటర్ తెర నా వైపే తిరిగి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా వరుసగా ముఖాలు. హిజాబ్‌లో ఒక ఖాలా, గడ్డంతో ఒక చాచా, స్కూలు యూనిఫాంలో ఒక పిల్లాడు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్. ఎన్ని నెలలవో చెప్పలేం. "ఇవి డిలీట్ చేయరా?" అని అడిగితే ఆ కుర్రాడు నవ్వాడు. "ఎవరు అడుగుతరు అన్నా? కంప్యూటర్ స్లో అయితే అప్పుడు ఒక్కసారే తీసేస్తం" అన్నాడు.

అతని తప్పు ఇందులో ఎంతుందో తర్వాత చూద్దాం. ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మన ఇళ్లలో కాగితాల భద్రత అనగానే "దారిలో ఎవరైనా చూస్తారా? హ్యాక్ చేస్తారా?" అనే ఆలోచిస్తాం. ఫ్యాక్స్ రోజుల నుంచి ఇప్పటి దాకా దారి చాలా బాగుపడింది. కాగితం బయల్దేరే చోటు, చేరే చోటు మాత్రం అలాగే ఉన్నాయి. మన కాగితాలు బయటపడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ రెండు చివర్లలోనే.

ఫ్యాక్స్ ట్రే దగ్గర మొదలైన కథ

నలభై దాటినవాళ్లకు ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్‌లు గుర్తుంటాయి. పసుపు బోర్డు, ఎర్ర అంకెల మీటర్, మూలన ఒక ఫ్యాక్స్ మెషిన్. జెడ్డా నుంచో, దుబాయ్ నుంచో వీసా కాపీ ఆ మెషిన్‌లో వచ్చేది. బూత్ యజమాని పిల్లాడిని ఇంటికి పంపి "మీ వీసా వచ్చింది" అని కబురు చేసేవాడు. అంటే మన వీసాను మనకంటే ముందు బూత్ యజమాని చదివేవాడు, వరుసలో నిలబడ్డ నలుగురూ చదివేవారు. అప్పుడు అది ముబారక్ కబురే, ఎవరికీ తప్పనిపించలేదు.

ఫ్యాక్స్ పని చేసే తీరు చాలా సింపుల్. మెషిన్ పేజీని సన్నని గీతలుగా చదువుతుంది. నల్లదెక్కడ, తెల్లదెక్కడ అన్నది శబ్దంగా మార్చి మామూలు ఫోన్ లైన్‌లో పంపుతుంది. అవతలి మెషిన్ ఆ శబ్దాన్ని మళ్లీ పేజీగా మారుస్తుంది. మనం ఇన్నాళ్లూ వాడిన ఫ్యాక్స్ పద్ధతికి 1980లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అందులో తాళం వేసి పంపడం, అంటే ఎన్‌క్రిప్షన్, మామూలుగా ఉండదు. లైన్‌కు ఎవరైనా తీగ తగిలించి ఆ శబ్దాన్ని రికార్డు చేస్తే పేజీ మొత్తం బయటికి వస్తుంది.

అయినా చాలా దేశాల్లో ఆసుపత్రులు, కోర్టులు, బ్యాంకులు ఫ్యాక్స్‌ను "సేఫ్" అనే నమ్మాయి. లైన్‌కు తీగ తగిలించాలంటే మనిషి అక్కడిదాకా రావాలి, ఇంటర్నెట్‌లో దొంగకు ఆ కష్టం లేదు అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కలో కొంత నిజముంది. కానీ 2018 ఆగస్టులో అమెరికాలోని లాస్ వెగాస్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఒక ప్రయోగం చూపించారు. ఫ్యాక్స్ నంబర్ ఒక్కటి తెలిస్తే చాలు, ప్రత్యేకంగా తయారు చేసిన ఒక బొమ్మను ఫ్యాక్స్‌గా పంపి, హెచ్‌పీ ఆల్ ఇన్ వన్ ప్రింటర్‌ను తమ చేతిలోకి తీసుకున్నారు. అక్కడి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకీ వెళ్లొచ్చని చూపారు. ఆ లోపాన్ని కంపెనీ సరిచేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం తన ఆసుపత్రులు కొత్త ఫ్యాక్స్ మెషిన్లు కొనకూడదని, 2020 మార్చి 31 నాటికి పాతవి కూడా తీసేయాలని చెప్పింది. 2021లో జర్మనీలోని బ్రెమెన్ రాష్ట్ర డేటా రక్షణ అధికారులైతే, గోప్యత విషయంలో ఫ్యాక్స్ అంటే తెరిచి ఉన్న పోస్టు కార్డు లాంటిదేనని తేల్చేశారు.

ఫ్యాక్స్‌లో ఇంకో చిక్కుంది. పంపామన్నదానికి రసీదు వస్తుంది కానీ, మనిషి చదివాడన్నదానికి రాదు. దీనికి మన దేశంలో పెద్ద ఉదాహరణ జమ్మూ కశ్మీర్‌ది. 2018 నవంబర్ 21న, మీలాద్ రోజున, ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ మెహబూబా ముఫ్తీ గవర్నర్‌కు లేఖ పంపడానికి ప్రయత్నించారు. రాజ్‌భవన్ ఫ్యాక్స్ అందుకోలేదని ఆమె చెప్పారు. ఆ రాత్రే గవర్నర్ సత్యపాల్ మాలిక్ అసెంబ్లీని రద్దు చేశారు. పండగ సెలవు కాబట్టి ఫ్యాక్స్ దగ్గర మనిషే లేడన్నది ఆయన వివరణ. ఒక రాష్ట్ర ప్రభుత్వం మాటే ఫ్యాక్స్ ట్రే దగ్గర ఎవరున్నారన్న ప్రశ్న మీద ఆగిపోయింది. కాగితం చేరే చోట ఎవరున్నారు అన్నదే మన ప్రశ్న కూడా.

దారికి తాళం, ఇంటికి లేదు

ఇప్పుడు బూత్‌లు లేవు. ఈమెయిల్, వాట్సాప్ వచ్చాయి. వీటిలో దారి నిజంగానే గట్టిపడింది. పెద్ద కంపెనీల మెయిళ్ల మధ్య ఉత్తరాలు సాధారణంగా తాళంతోనే ప్రయాణిస్తాయి. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి రెండు చివర్ల మధ్య పూర్తి ఎన్‌క్రిప్షన్ పెట్టింది. మధ్యలో ఆ కంపెనీ కూడా మెసేజ్ చదవలేదు.

కానీ ఆ మాటలోనే "రెండు చివర్ల మధ్య" అని ఉంది. చివరికి చేరాక తాళం తీసే ఉంటుంది. మనం పాస్‌పోర్టు ఫోటో పంపిన క్షణం అది ఎన్ని చోట్లకు చేరుతుందో లెక్కేయండి. మన ఫోన్ గ్యాలరీలో ఒకటి. ఫోటోల బ్యాకప్ ఆన్‌లో ఉంటే క్లౌడ్‌లో ఒకటి. షాపు ఫోన్‌లో ఒకటి. షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఒకటి. అదే ఫోటో ఏజెంట్‌కు పంపితే అతని ఫోన్, అతని ఆఫీసు కంప్యూటర్, అతను ఫార్వర్డ్ చేసిన సబ్ ఏజెంట్ ఫోన్. ఒక్క కాగితానికి ఆరేడు కాపీలు తేలిగ్గా అవుతాయి. ఫ్యాక్స్ ట్రేలో పడిన కాగితాన్ని సాయంత్రానికి ఎవరో చించేసేవారు. ఇవి మాత్రం ఎవరైనా కావాలని తీసేస్తే తప్ప పోవు.

ఈమెయిల్ సంగతి మరీ ఘోరం. మనలో చాలామందికి సెంట్ ఫోల్డర్ అనేది ఒకటుందనే గుర్తుండదు. పదేళ్ల కింద పంపిన పాన్ కార్డు, సర్టిఫికెట్లు, జీతం స్లిప్పులు అన్నీ అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్ ఒక్కటి పోతే పదేళ్ల జీవితం ఒకేసారి పోతుంది. ఇంకా కొందరు షాపు కంప్యూటర్‌లోనే తమ జీమెయిల్ తెరిచి ప్రింట్ తీసుకుని, లాగౌట్ చేయడం మరిచి విమానం ఎక్కేస్తారు.

"మేం పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉన్న ఈ-ఆధారే పంపుతున్నాం కదా" అంటారు కొందరు. ఆ పాస్‌వర్డ్ ఏంటో చూడండి. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ రెండూ మన పాస్‌పోర్టు మొదటి పేజీ మీదే ఉంటాయి. రెండు ఫైళ్లూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నప్పుడు ఆ తాళానికి తాళంచెవి పక్కనే వేలాడుతున్నట్టే.

కాపీ దొరికితే ఏం చేస్తారు?

"మా దగ్గర ఏముంది బేటా దోచుకోడానికి?" అని పెద్దవాళ్లు అడుగుతారు. దొంగకు మన డబ్బుతో పని లేకపోవచ్చు. మన పేరుతో పని ఉంటుంది.

2018 జూన్‌లో మన రాష్ట్రంలోనే ఒక కేసు బయటపడింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజుల కాపీలు దించుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబర్లు, వేలిముద్రలు ఉన్నాయి. ఆ ముద్రలతో రబ్బరు స్టాంపులు తయారు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇక్కడ ఎవరూ ఏ లైన్‌కూ తీగ తగిలించలేదు, ఏ సర్వర్‌నూ బద్దలు కొట్టలేదు. చేరిన చోట తెరిచి ఉన్న కాగితాన్ని వాడుకున్నారు, అంతే.

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు, 16.8 కోట్ల మంది వివరాలు పెట్టుకుని అమ్ముతున్న ముఠాను పట్టుకున్నామని ప్రకటించారు. మరో వారానికే, 66.9 కోట్ల మంది వివరాలున్న ఇంకొకరిని అరెస్టు చేశామన్నారు. అప్పటికి మన శంషాబాద్ కూడా ఆ కమిషనరేట్ కిందే ఉండేది. వివరాలకు బజారు ఉందని, అందులో సరుకు మనమేనని అప్పుడు అందరికీ తెలిసింది.

లెక్కలు చదువుకున్నవాడిగా నాకు ఎక్కువ భయం కలిగించేది పాన్, ఆధార్ కాపీల జత. ఆ రెండూ దొరికితే ఒకరి పేరు మీద డమ్మీ కంపెనీ తెరిచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, దొంగ బిల్లులు నడిపించవచ్చు. ఇది ఊహ కాదు. ఇలాంటి నకిలీ రిజిస్ట్రేషన్ల మీద కేంద్ర, రాష్ట్ర పన్ను అధికారులు 2023 మే 16 నుంచి జూలై 15 దాకా దేశమంతా ప్రత్యేక తనిఖీలు చేశారు. నోటీసు వచ్చేది మాత్రం పేరున్న మనిషికి. అతను రియాద్‌లో డ్రైవర్‌గా ఉన్నా సరే, ఇక్కడ భార్య చేతికి లక్షల పన్ను బాకీ కాగితం వస్తే ఆ ఇల్లు ఏమైపోతుంది? అప్పు యాప్‌ల సంగతి, మోసం డబ్బు తిప్పడానికి అద్దె ఖాతాల సంగతి చెప్పనవసరం లేదు.

మన సమాజానికి ఇంకో భయం ఉంది, దాన్ని దాచుకుని లాభం లేదు. మన పేరున్న సిమ్ ఏదైనా పెద్ద కేసులో దొరికితే, నిజం తేలేలోపు మన జీవితంలో ఎన్ని నెలలు పోతాయి? 2007లో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న కర్ణాటక డాక్టర్ మొహమ్మద్ హనీఫ్ గుర్తున్నారు కదా. బ్రిటన్ వదిలి వెళ్లేటప్పుడు తన సిమ్‌ను బంధువుకు ఇచ్చారు. 2007 జూన్ 30న గ్లాస్గో విమానాశ్రయంపై దాడి జరిగాక, జూలై 2న బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టులో ఇండియాకు బయల్దేరుతుండగా ఆయన్ను అరెస్టు చేశారు. సిమ్ మండుతున్న జీపులో దొరికిందన్న మాట అబద్ధమని తేలింది. జూలై 27న అభియోగం వెనక్కి తీసుకున్నారు. 2008లో ప్రభుత్వ విచారణ ఆయన నిర్దోషి అని చెప్పింది, 2010లో నష్టపరిహారం ఇచ్చారు. ఆయన సిమ్‌ను తెలిసే సొంత బంధువుకు ఇచ్చారు, అప్పుడు అది మామూలు విషయం. మన కాపీతో ఎవరో తీసుకున్న సిమ్ గురించైతే మనకు తెలియనే తెలియదు. సమాధానం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడాను మనమే నిరూపించుకోవాలి.

మయ్యత్ కాగితాలు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు అంటే ఉమ్రా, హజ్, గల్ఫ్ కొలువులే కాదు. కార్గో టెర్మినల్ బయట రాత్రిపూట అంబులెన్స్ పక్కన నిలబడే కుటుంబాలు కూడా ఉంటాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి మయ్యత్ రావాలంటే మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, అక్కడి భారత కాన్సులేట్ ఇచ్చే ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు కాపీ కావాలి. ఇవన్నీ ముందుగానే ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకు చేరాలి. వెనకటికి ఇవి ఫ్యాక్స్‌లో, తర్వాత మెయిల్‌లో తిరిగేవి. 2023 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ దీనికోసం ఈ-కేర్ అనే పోర్టల్ తెచ్చింది. కాగితాలు ఒకే చోట పెడితే అధికారులు అక్కడే చూసి అనుమతి ఇస్తారు. ఇది మంచి మార్పు.

కానీ పోర్టల్ వరకు చేరేలోపు ఏం జరుగుతోంది? ఇంట్లో ఏడుపులు. కాగితాల సంగతి ఎవరికీ తెలియదు. అక్కడి స్నేహితుడు పంపిన ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పడతాయి. అక్కడి నుంచి మొహల్లా గ్రూపుకు, సాయం చేస్తారేమోనని మరో నాలుగు గ్రూపులకు. పాస్‌పోర్టు, ఇఖామా, ఇంటి చిరునామా, భార్య ఫోన్ నంబర్ అన్నీ వందల మంది ఫోన్లలోకి వెళ్తాయి. సాయం కోసం తపనతో చేసే పనే, ఎవర్నీ తప్పుపట్టలేం. అయితే ఆ తర్వాత "కంపెనీ నుంచి మీ ఆయన డబ్బు వచ్చింది, ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే, అవతలివాడికి కంపెనీ పేరు, పాస్‌పోర్టు నంబర్, మరణించిన తేదీ కూడా తెలిసి ఉంటే, ఇద్దత్‌లో ఉన్న ఆ ఆడమనిషి ఎలా నమ్మకుండా ఉంటుంది? గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ సాయానికీ ఇవే కాగితాలు కావాలి. కాబట్టి ఇవి తప్పుడు చేతుల్లో పడితే నష్టం చిన్నది కాదు.

జనాజా విషయంలో మనం ఎంత అదబ్ పాటిస్తామో, మయ్యత్ కాగితాల విషయంలోనూ అంతే పాటించాలి. గ్రూపులో పెట్టాల్సింది సమాచారం మాత్రమే. కాగితాలు, నడిపించే ఒక్క మనిషికి చాలు.

చట్టం ఎక్కడుంది?

ప్రభుత్వమే ఈ విషయంలో ఒకసారి తడబడింది. 2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయం, ఆధార్ జిరాక్స్ ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వకండి, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడ్డారు. రెండు రోజుల్లోనే, మే 29న, తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. సలహా మంచిదే. వెనక్కి తీసుకోవడంతో జనానికి మిగిలిన అర్థం "ఏం కాదులే" అని.

ఆ తర్వాత పరిస్థితి మారుతూ వచ్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం ప్రకారం మన వివరాలు డిజిటల్‌గా తీసుకునే ట్రావెల్ ఏజెంట్, లాడ్జి, మ్యాన్‌పవర్ ఆఫీసు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, భద్రంగా ఉంచాలి, పని అయ్యాక తీసేయాలి. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

వినడానికి బాగుంది. కానీ రెండు లోపాలు కనిపిస్తున్నాయి. మొదటిది, ఆ జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది, నష్టపోయిన మనిషికి రాదు. పాత ఐటీ చట్టంలో నిర్లక్ష్యంగా ఉన్న కంపెనీ నుంచి నష్టపరిహారం అడిగే 43ఏ సెక్షన్‌ను కూడా ఈ కొత్త చట్టం తీసేస్తోంది. రెండోది, 250 కోట్ల మాట పెద్ద కంపెనీల కోసం. హైవే పక్క జిరాక్స్ షాపు దాకా, మూడో అంతస్తులో ఒకే గదిలో నడిచే ఏజెంట్ ఆఫీసు దాకా ఎవరు వచ్చి చూస్తారు?

2025 నవంబర్ 28న టెలికాం శాఖ ఇంకో ఆదేశం ఇచ్చింది. వాట్సాప్ లాంటి యాప్‌లు కంప్యూటర్‌లో తెరిచి ఉంటే కనీసం 6 గంటలకోసారి లాగౌట్ కావాలన్నది అందులో ఒక షరతు. మోసగాళ్లను ఆపడానికి అది పనికొస్తుందేమో కానీ, మన సమస్యకు సరిపోదు. షాపువాడి సొంత వాట్సాప్ అది, మళ్లీ లాగిన్ అవుతాడు. డౌన్‌లోడ్ అయిన మన పాస్‌పోర్టు లాగౌట్ కాదు.

హోటళ్ల విషయంలో మాత్రం కొంత ఆశ ఉంది. హోటళ్లు, ఫంక్షన్ల నిర్వాహకులు ఆధార్ జిరాక్స్ తీసుకుని పెట్టుకునే పద్ధతిని ఆపి, క్యూఆర్ కోడ్ లేదా యాప్ ద్వారా చూసి వదిలేసే పద్ధతి తెస్తామని 2025 డిసెంబర్‌లో యూఐడీఏఐ ముఖ్య అధికారి చెప్పారు. తెల్లవారుజాము ఫ్లైట్ కోసం శంషాబాద్ లాడ్జిల్లో రాత్రి గడిపే మనవాళ్లకు ఇది నేరుగా సంబంధించిన విషయం. చూపించడం వేరు, ఇచ్చి రావడం వేరు. అసలు దారి ఇదే. కాపీ పుట్టకపోతే అది పోయే భయమూ లేదు.

మనం ఇవాళే చేయగలిగినవి

చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుని చేయగలిగిన పనులు ఇవి.

ఒకటి, ఆధార్ నంబర్ మొత్తం అడగనిచోట మాస్క్‌డ్ ఆధారే ఇవ్వండి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా దిగుతుంది. బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టుకోండి, వేలిముద్రల మోసం ఆగుతుంది. అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

రెండు, ఏ కాపీ ఇచ్చినా దాని మీద అడ్డంగా "ఫలానా ఏజెంట్‌కు, ఉమ్రా వీసా కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. ముఖం, నంబర్ చెరిగిపోకుండా రాయాలి. ఆ కాపీని ఇంకో పనికి వాడటం కష్టమవుతుంది, ఎక్కడి నుంచి లీకైందో కూడా తెలుస్తుంది. వీసా దరఖాస్తులో అప్‌లోడ్ చేసే అసలు స్కాన్ మీద మాత్రం రాయకూడదు, తిరస్కరిస్తారు.

మూడు, మెయిల్‌లో, వాట్సాప్‌లో పంపాల్సి వస్తే పీడీఎఫ్‌కు మీరే ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్‌ను అదే చాట్‌లో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి.

నాలుగు, జిరాక్స్ షాపులో ప్రింట్ తీశాక మీ ఎదురుగానే డౌన్‌లోడ్స్ నుంచి, రీసైకిల్ బిన్ నుంచి తీసేయమనండి. మీ ఫోన్‌లో "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కూడా నొక్కండి, దానికి రెండు రోజుల దాకా సమయం ఉంటుంది. అయితే అది చాట్‌లో ఉన్నదాన్నే తీస్తుంది, కంప్యూటర్‌లో దిగినదాన్ని తీయదు. పాడైన ప్రింట్ అక్కడ వదలకండి. సొంత మెయిల్ మాత్రం అక్కడ తెరవొద్దు.

ఐదు, కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబర్, ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కనిపిస్తుంది. మీది కానిది ఉంటే అక్కడే రిపోర్టు చేయండి. ఒక మనిషికి 9 కనెక్షన్లే పరిమితి. అలాగే సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. గల్ఫ్‌లో ఉన్న భర్త, కొడుకు పేర్ల మీద కూడా చూడండి. దూరంగా ఉన్నవాళ్ల పేర్లే దొంగలకు ఎక్కువ అనుకూలం.

ఆరు, గల్ఫ్ ఏజెంట్‌కు పాస్‌పోర్టు కాపీ పంపేముందు అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ లేనివాడికి కాపీ కూడా ఇవ్వొద్దు. మోసం జరిగిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అమానత్ లెక్కలో చూస్తే

ఇక ఆ జిరాక్స్ షాపు కుర్రాడి తప్పు ఎంత అన్న ప్రశ్నకు వద్దాం. అతనికి ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. అతని సంపాదన పేజీకి ఇంత అని. కాబట్టి అతని మీద కేసు పెడితే సమస్య తీరదు. కానీ ఏజెంట్ల విషయం వేరు. ఉమ్రా గ్రూపు నడిపేవారు, మ్యాన్‌పవర్ ఆఫీసులవారు ఒక్కొక్కరి దగ్గర వందల కుటుంబాల పాస్‌పోర్టులు పెట్టుకుంటారు. వాళ్లలో చాలామంది మన మొహల్లా మనుషులే, మన మస్జిద్‌లో మన పక్కన నిలబడేవారే. ప్రయాణికుడు తిరిగొచ్చాక అతని కాపీలన్నీ తీసేస్తామని ఒక కాగితం మీద రాసిచ్చే ఏజెంట్ ఎంతమంది ఉన్నారు? మనం ప్యాకేజీ ధర అడుగుతాం, హోటల్ హరమ్‌కు ఎంత దూరమో అడుగుతాం. ఈ మాట మాత్రం అడగం.

ఒకరు నమ్మి ఇచ్చిన వస్తువు అమానత్ అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. డబ్బు, నగలు, ఇంటి తాళం విషయంలో అది పాటిస్తాం. పాస్‌పోర్టు ఫోటో కూడా అదే లెక్కలోకి వస్తుందని ఏజెంట్లకు చెప్పాల్సింది పోలీసులకంటే ముందు మనమే. ఉమ్రా, హజ్ తర్బియత్ క్యాంపుల్లో ఇహ్రామ్ ఎలా కట్టుకోవాలో చెప్పేటప్పుడు, కాగితాలు ఎలా పంపాలో కూడా పది నిమిషాలు చెప్పాలని మస్జిద్ కమిటీలు, గ్రూపు నిర్వాహకులు ఆలోచించాలి. ఖర్చు ఏమీ లేదు.

ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చేముందు నా ప్రింట్‌ల ఫైళ్లు తీసేయమని అడిగాను. కుర్రాడు రెండు నొక్కులు నొక్కాడు, ఫైళ్లు పోయాయి. పది సెకన్లు కూడా పట్టలేదు. నా వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ అది చూసి, "మాది కూడా తీసెయ్ బేటా" అంది.